కంప్యూటరు నీటి శీతలీకరణ

కంప్యూటరులోని ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు వంటి భాగాలలో పుట్టే వేడిని నీటి ద్వారా బయటకు తరలించే పద్ధతిని కంప్యూటరు నీటి శీతలీకరణ అంటారు. 1980లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 3081 మెయిన్‌ఫ్రేము కంప్యూటరులో ఈ పద్ధతిని వాడారు. 2004లో ఆపిల్ సంస్థ తెచ్చిన పవర్ మాక్ జి5 కంప్యూటరు 2.5 గిగాహెర్ట్జ్ నమూనాలో కూడా ద్రవ శీతలీకరణ ఉండేది.

పనిచేసే విధానం

ప్రాసెసరుపై బిగించిన వాటర్ బ్లాకు గుండా ప్రవహించే నీరు వేడిని గ్రహిస్తుంది. పంపు ఆ నీటిని రేడియేటరుకు చేరుస్తుంది. ఫ్యాన్లు రేడియేటరు గుండా గాలిని పంపి, ఆ వేడిని గదిలోకి వదులుతాయి. నీరు వేడిని మోస్తుందే కాని మాయం చేయదు. కనుక ముందుగా రేడియేటరును, తరువాత దానికి తగిన ఫ్యాన్లను, చివరగా పంపును ఎంచుకోవాలి.

రేడియేటరు

రేడియేటర్లను వాటికి పట్టే ఫ్యాన్లను బట్టి కొలుస్తారు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఒకటి, రెండు, మూడు పట్టే వాటిని వరుసగా 120, 240, 360 రేడియేటర్లు అంటారు. నీరు గది గాలి కంటే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు, ఒక్కొక్క 120 భాగం దాదాపు 100 వాట్ల వేడిని వదులుతుందని స్థూలంగా లెక్కిస్తారు. ఆ లెక్కన 300 వాట్లకు 360 రేడియేటరు కావాలి. మందం పెంచడం కంటే వైశాల్యం పెంచడం మేలు. మందమైన రేడియేటరులో గాలి ముందు భాగంలోనే వేడెక్కి, వెనుక భాగాన్ని అంతగా చల్లబరచలేదు.

రాగి బ్లాకుతో అల్యూమినియం రేడియేటరును కలపరాదు. ఒకే నీటిలో ఈ రెండు లోహాలు ఉంటే విద్యుత్ రసాయన చర్య వలన అల్యూమినియం తినివేయబడి, కాలక్రమంలో నీరు కారవచ్చు.

ఫ్యాన్లు

ఫ్యాను పెట్టె మీద ముద్రించే గాలి పరిమాణం ఎదురుగా అడ్డు లేనప్పటిది. రేడియేటరు రేకులు గాలిని అడ్డుకుంటాయి కనుక ఫ్యాను స్థిర పీడనాన్ని కూడా చూడాలి. రేకులు దగ్గరగా ఉంటే ఎక్కువ పీడనం గల ఫ్యాన్లు, ఎడంగా ఉంటే నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు సరిపోతాయి. వేగం సగమైతే ఫ్యానుకు అవసరమయ్యే శక్తి ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అందువలన వేగంగా తిరిగే ఒక ఫ్యాను కంటే నెమ్మదిగా తిరిగే రెండు ఫ్యాన్లతో చప్పుడు తక్కువగా ఉంటుంది.

పంపు

నిమిషానికి 4 లీటర్ల నీరు 300 వాట్ల వేడిని గ్రహిస్తే, ఆ నీటి ఉష్ణోగ్రత సుమారు 1 డిగ్రీ మాత్రమే పెరుగుతుంది. ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే ఈ పెరుగుదల అర డిగ్రీ అవుతుంది. కాని అందుకు సుమారు నాలుగు రెట్ల పీడనం కావాలి. కనుక మరీ పెద్ద పంపు వలన లాభం స్వల్పం. గొట్టాలు పూర్తిగా నిండిన తరువాత పైకి ఎక్కే నీటి బరువును కిందికి దిగే నీరు సరితూస్తుంది; పంపు ఎదుర్కొనేది ఘర్షణను మాత్రమే. పంపు బేరింగుకు నీరే కందెన. అందువలన పంపును పొడిగా తిప్పరాదు. నీటి తొట్టెను దానికంటే ఎత్తులో అమర్చాలి.

పరిమితి

ఈ పద్ధతిలో నీరు గది గాలి కంటే చల్లగా కాజాలదు. వేసవిలో గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు ఉంటే, పై లెక్క ప్రకారం నీరు 50 డిగ్రీలకు చేరుతుంది. విరివిగా వాడే డి5 రకం పంపుకు నీటి ఉష్ణోగ్రత గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలు. అందుచేత ఎండలు ఎక్కువగా ఉండే ప్రాంతాలలో రేడియేటరును లెక్కకు వచ్చిన దానికంటే ఒక భాగం పెద్దదిగా తీసుకోవడం క్షేమం.