తీర్పు రాకముందు ఖైదు

వేలూరు పేరు చెప్పగానే పైవూళ్లవారికి ఆసుపత్రి జ్ఞాపకం వస్తుంది. తరువాత కోట. మూడవదైన తొరపాడి సెంట్రల్ జైలును గురించి ఎవరూ పనిగట్టుకొని మాట్లాడరు. పాతకాలపు సంగతులు మాత్రం మన ఇండ్లలో పెద్దవాళ్లు అప్పుడప్పుడు చెబుతూ ఉంటారు. 1921-22లో రాజాజీ ఇక్కడ ఖైదులో ఉండి దినచర్య వ్రాసుకొన్నారని, 1941లో కామరాజుగారు ఇక్కడ నిర్బంధంలో ఉండగానే విరుదునగరం మునిసిపాలిటీ వారు ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొన్నారని. ఆ కామరాజుగారే 1954లో ముఖ్యమంత్రి అయినప్పుడు శాసనసభకు పోటీచేసి గెలిచినది మన గుడియాత్తం నుంచి. ఏ విచారణా లేకుండా జైలులో పెట్టబడిన మనిషిని శాసనసభకు పంపిన ఊరు మనది. అందుకనే ఈ విషయం మనవారికి కొత్త కాదనుకొని వ్రాస్తున్నాను.

జైలులో ఉన్నవాళ్లంతా నేరం చేసి శిక్ష పడినవాళ్లని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. 2022 సంవత్సరాంతపు ప్రభుత్వ లెక్క ప్రకారం దేశంలోని జైళ్లన్నిటిలో ఉన్నవారు 5,73,220 మంది. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అనగా నూటికి డెబ్బయి అయిదుగురికి పైగా ఇంకా తీర్పు రానివారే. నూరుమందికని కట్టిన చోట నూట ముప్పయి ఒక్కరు పడుకొంటున్నారన్న లెక్క కూడా ఆ పుస్తకంలోనే ఉన్నది. ఈ రెండు అంకెలను కలిపి చదువుకొంటే లోపలి ఇరుకు సంగతి నేను వేరే వర్ణించనక్కరలేదు.

తీర్పు కానివాడు చట్టం దృష్టిలో నిర్దోషియే. 1894 నాటి జైళ్ల చట్టం దొరలు చేసినదే అయినా ఈ తేడాను కొంత పాటించింది. విచారణ ఖైదీని శిక్షపడినవారితో కలపక వేరుగా ఉంచవలెను. అతడు తన బట్టలు తాను కట్టుకోవచ్చును. ఇంటినుంచి వచ్చే ఆహారం, బట్టలు, పడక, పరీక్షించిన మీదట, తీసుకోవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, తన వకీలుతో ఇతరులెవరూ దగ్గర లేకుండా మాట్లాడుకోవచ్చును. తల్లితోబాటు జైలుకు వచ్చిన పసిబిడ్డలు ఆరేండ్ల వయసు వరకు ఆమె దగ్గర ఉండవచ్చునని, ఆ బిడ్డలను ఖైదీలుగా చూడరాదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. కాగితం మీద ఇవన్నీ బాగానే ఉన్నవి. అయితే వకీలే లేనివాడికి వకీలుతో ఏకాంతంగా మాట్లాడే హక్కు ఏమి అక్కరకు వస్తుంది?

మన ప్రాంతానికి ఇంకొక చిక్కు ఉన్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, వేలూరు ఒకే ఉత్తరార్కాటు జిల్లా. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చిన తరువాత నడుమ సరిహద్దు పడింది. సంబంధాలు మాత్రం తెగలేదు. గుడియాత్తం నుంచి పరదరామి మీదుగా చిత్తూరుకు, పేర్ణాంబట్టు నుంచి వి. కోటకు పనికి పోయేవారు, సరుకుకు పోయేవారు, పెండ్లికి పోయేవారు రోజూ ఉన్నారు. వీరిలో ఎక్కువమందికి రెండు భాషలూ నోటికి వస్తవి. కాని అటువారికి తమిళ అక్షరం రాదు, ఇటువారికి తెలుగు అక్షరం రాదు. కూరగాయలు బేరం చేయడానికి నోటి భాష చాలును. అరెస్టయినప్పుడు చాలదు. ఎఫ్.ఐ.ఆర్., రిమాండు కాగితం, చార్జిషీటు, జామీను ఉత్తరువు అన్నీ అక్షరాలలో ఉంటవి గదా.

నేను ఒక తోళ్ల కంపెనీ ఆఫీసులో గుమాస్తాను. ఉత్తరాలు రెండు భాషలలోనూ వ్రాయగలను గనుక చుట్టుపక్కలవారు కాగితాలు చదివించుకోవడానికి వస్తూ ఉంటారు. కొన్నేండ్ల కిందట వి. కోట వైపునుంచి ఒక ఆమె వచ్చింది. సంతలో జరిగిన కొట్లాటలో ఆమె పెనిమిటిని ఇక్కడ పట్టుకొని తొరపాడిలో ఉంచారు. కోర్టు దగ్గర ఎవరో ఇచ్చిన కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకొని వచ్చింది. ‘‘అన్నా, ఇంకా ఎన్నాళ్లు వేసినారో చూడు’’ అన్నది. శిక్ష పడిందనుకొన్నది పాపం. చదివితే అది జామీను ఉత్తరువు. అప్పటికి పద్దెనిమిది రోజుల కిందటిది. ఆస్తిగల ఇద్దరు పూచీ నిలిస్తే విడిచిపెట్టవలసినదని అందులో ఉన్నది. లోపల ఉన్న అతనికీ అది ఎవరూ చదివి చెప్పలేదు. మొగుడూ పెండ్లామూ ఇద్దరూ శిక్ష పడిందనే అనుకొని దినాలు లెక్కపెట్టుకొంటున్నారు.

పూచీ సంగతి అక్కడితో తేలలేదు. ఆమె అన్నకు రెండెకరాల చేను ఉన్నది. కాని అది సరిహద్దుకు అవతల, పట్టా పాసుపుస్తకం తెలుగులో. ఈ జిల్లా ఆస్తి కావలెనన్నారు. ఇక్కడ ఆస్తిగల తెలుగువారు లేకపోలేదు. కాని ముక్కుమొగం తెలియనివాని కోసం ఇల్లు పూచీ పెట్టేవారు ఎక్కడ దొరుకుతారు? నన్ను అడిగితే నేనూ వెనుకాడేవాణ్ణే. చివరకు ఉచిత న్యాయసహాయం కింద ఇచ్చిన ఒక యువ వకీలు షరతు సడలించమని పిటిషను వేసి, అవతలి తాసిల్దారు ధ్రువపత్రం తెప్పించి, అన్ననే పూచీగా నిలబెట్టించాడు. దానికి ఇంకొక పదకొండు రోజులు పట్టింది. జామీను వచ్చినవాడు ఇరవై తొమ్మిది రోజులు జైలులోనే ఉన్నాడన్నమాట.

ఈ ‘మా జిల్లా పూచీ’ తగాదా ఈనాటిది కాదు. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీపనివాడికి సుప్రీంకోర్టే జామీను ఇచ్చినా కిందికోర్టువారు పదివేల రూపాయలకు పూచీ అడిగారు. అతని తమ్ముడో అన్నో ముందుకు వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని కాదన్నారు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వ్యవహారాన్ని తీవ్రంగా ఖండించి, వెయ్యి రూపాయల స్వంత పూచీకత్తు మీద అతన్ని విడిచిపెట్టించారు. ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో తెలుగువాడో పోర్టుబ్లేరులోనో ఢిల్లీ చాందినీచౌకులోనో పట్టుబడితే అక్కడ ఆస్తిగల పూచీదారును ఎక్కడనుంచి తెస్తాడని ఆ తీర్పులో ఆయన పేరుపేరునా అడిగారు. ఎంత దూరమో ఎందుకు, కాట్పాడికీ చిత్తూరుకూ మధ్య ఉన్నది గంటసేపు బస్సు ప్రయాణం.

నలభై అయిదేండ్లు గడిచినవి. 2023 జనవరి 31వ తేదీన సుప్రీంకోర్టు ఇదే విషయమై మరల కొన్ని మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది. జామీను ఉత్తరువు ప్రతిని కోర్టువారు అదే రోజుననో మరునాడో ఈమెయిలులో జైలుకు పంపవలెను. ఏడు రోజులలో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయవలెను. నెలరోజులైనా పూచీ కుదరకపోతే షరతు తగ్గించే విషయం కోర్టే తనంతట తాను ఆలోచించవచ్చును. స్థానిక పూచీ కావలెనని పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని గుర్తించి, ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చునని కూడా సూచించారు. సరిహద్దు ఊళ్లలో వకాల్తా చేసే ప్లీడర్లు ఈ చివరి మాటను బల్ల అద్దం కింద పెట్టుకోదగినది.

ఇంతవరకు మనవాళ్లు ఇక్కడ పడే బాధ చెప్పాను. తక్కెడ రెండవ సిబ్బె కూడా చూడవలెను. అక్కడ గోడ మన భాషదే.

2013 డిసెంబరులో శేషాచలం అడవులలో ఎర్రచందనం దొంగరవాణాను అడ్డుకోబోయిన ఇద్దరు అటవీ అధికారులను చంపివేశారు. ఘోరమైన పని, చేసినవారికి శిక్ష పడవలసినదే. ఆ కేసులో పట్టుకొన్నది మాత్రం ఇంచుమించు మూడు వందలమంది తమిళ కూలీలను. ఎక్కువమంది కొండవాళ్లు, తెలుగు ముక్క చదవలేనివారు. జైళ్లు ఆంధ్రలో, ఇండ్లు జవ్వాదు కొండలలో. ఒకసారి చూసి రావాలంటే కూలి మానుకొని, రెండు మూడు బస్సులు మారి, చార్జీలకు అప్పుచేయవలసిన కుటుంబాలు. వాయిదాలు తెలుగులో పిలిచేవారు, కాగితాలు తెలుగులో వచ్చేవి. రెండేండ్లకు పైగా విచారణ ఖైదీలుగా ఉన్న తరువాత 2016లో తిరుపతి కోర్టు నేరం రుజువు కాలేదని వారిని విడిచిపెట్టింది. ఈ నడుమ 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో పోలీసు కాల్పులలో ఇరవైమంది కూలీలు చనిపోయినది అందరికీ తెలిసినదే. దానిమీద రెండు రాష్ట్రాల పత్రికలూ ఎంతో వ్రాసినవి. ఊరకే రెండేండ్లు జైలులో పోయినవారిని గురించి అంత వ్రాయలేదు.

ఒడుగత్తూరు దాటి కొండెక్కితే అలాంటి గ్రామాలు మన వేలూరు జిల్లాలోనూ ఉన్నవి. ఆ కొండవాళ్ల ఇంటికి చిత్తూరు నుంచో కడప నుంచో ఒక తెలుగు నోటీసు వస్తే చదివిపెట్టగలవారు ఎవరు? మన ఇండ్లలో ఇప్పటికీ తెలుగు చదవగల పెద్దలున్నారు. పండుగకు పద్యం చదవడానికేగాక ఆ చదువుకు ఇది కూడా ఒక పనేనని నా ఉద్దేశ్యం.

భాష సంగతి కోర్టులకు తెలియనిది కాదు. 1962లోనే, హిందీ మాత్రమే తెలిసిన ఒక నిర్బంధితునికి కారణాలను ఇంగ్లీషులో వ్రాసి ఇచ్చి, పోలీసు అధికారి నోటితో తర్జుమా చేసి చెప్పినంత మాత్రాన చాలదని సుప్రీంకోర్టు తేల్చి, అతన్ని విడిచిపెట్టించింది. అది ముందస్తు నిర్బంధపు కేసు. మామూలు కేసులలో కూడా సాక్ష్యం ముద్దాయికి తెలిసిన భాషలో అతనికి వివరించవలెనని చట్టంలోనే ఉన్నది. కాని ‘నాకు ఈ భాష రాదు’ అని ఎవరో ఒకరు చెబితేనే కోర్టుకు ఆ సంగతి తెలుస్తుంది. అర్థం కాకపోయినా తల ఊపడం మన పల్లెటూరివారి మర్యాద. కోర్టులో ఆ మర్యాద చేటు తెస్తుంది.

ఇక వకీలు సంగతి. బీహారు జైళ్లలో, తమమీద మోపిన నేరానికి పడగల శిక్షకంటె ఎక్కువకాలం విచారణ లేకుండానే ఉండిపోయిన పేదల సంగతి పత్రికలలో చదివి కపిలా హింగొరాణీ అనే మహిళా న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లినది 1979లో. హుస్సైనారా ఖాతూన్ కేసని దానికి పేరు. త్వరగా విచారణ జరగడమూ, పేదవాడికి ఉచితంగా వకీలు దొరకడమూ హక్కులేనని అందులో తేలింది. తరువాత 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టం చేశారు. అది అమలులోకి వచ్చినది 1995లో. చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇందులో ఉన్నది. కస్టడీలో ఉన్న మనిషికి ఉచిత వకీలు ఇవ్వడానికి ఆదాయం లెక్క చూడరు. ‘మాకు కాస్త భూమి ఉన్నది, మాకు ఇవ్వరేమో’ అని వెనక్కు పోనక్కరలేదు.

వేలూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ సత్తువాచ్చేరి కోర్టు ఆవరణలో ఉన్నది. 15100 అనే నంబరుకు దేశంలో ఎక్కడనుంచైనా ఫోను చేయవచ్చును. లోపల ఉన్న మనిషి సూపరింటెండెంటు ద్వారా కూడా అర్జీ పంపుకోవచ్చును. ఉచిత వకీలంటే శ్రద్ధ ఉండదని ఒక మాట ఉన్నది. అందులో నిజం లేకపోలేదు. డబ్బు పుచ్చుకొని వాయిదాకు రానివారినీ నేను చూశాను గనుక ఆ లోపాన్ని ఉచితానికే అంటగట్టలేను.

లెక్క పెట్టుకోవలసిన దినాలు కొన్ని ఉన్నవి. పట్టుకొన్న 24 గంటలలో, ప్రయాణకాలం పోను, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవలెను. నేరాన్నిబట్టి 60 లేక 90 రోజులలో చార్జిషీటు వేయకపోతే జామీను హక్కుగా వస్తుంది. కాని అది అడిగినవాడికే, అదీ చార్జిషీటు పడకముందే అడిగినవాడికే. నోటిమాటగా అడిగినా చాలునని 2017లో సుప్రీంకోర్టు అన్నది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త శిక్షాస్మృతి విధానం, అనగా భారతీయ నాగరిక సురక్షా సంహిత, 479వ సెక్షను ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి గల పెద్దశిక్షలో మూడవవంతు కాలం జైలులో గడిపితే స్వంత పూచీ మీద విడిచిపెట్టవలెను; తక్కినవారికి సగం. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నవారికీ వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు అర్జీ పంపే బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాతకేసులవారికి కూడా ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటివారు క్యాలెండరు మీద ఒక గీత పెట్టుకొని, గడువు దగ్గరపడగానే న్యాయసేవాధికార సంస్థకు ఒక జాబు వ్రాయడం మంచిది. వేలమంది ఉన్నచోట ఒక్కని దినాలు ఇంటివారు లెక్కించినంత జాగ్రత్తగా మరెవరు లెక్కిస్తారు?

ములాఖాతుకు పోయేవారు తమ గుర్తింపు కార్డు, ఖైదీ పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, స్టేషను పేరు ఒక కాగితం మీద రెండు భాషలలోనూ వ్రాయించుకొని పోవలెను. వకీలును పెట్టుకొంటే వకాల్తా జైలులోనే సంతకం చేయించి, అధికారి సాక్షి సంతకం తీసుకోవలసి ఉంటుంది. ఇప్పుడు చాలా వాయిదాలు వీడియో తెరమీద జరుగుతున్నవి. ముద్దాయి జైలు గదిలో కూర్చుంటాడు, మేజిస్ట్రేటుగారు గుడియాత్తంలోనో వేలూరులోనో తెరమీద కనబడతారు, ఒకటి రెండు నిమిషాలలో రిమాండు పొడిగింపు అయిపోతుంది. ఆ ఒకటి రెండు నిమిషాలలోనే భాష రాదని, వకీలు లేడని అతను చెప్పుకోవలసి ఉన్నది. ములాఖాతుకు పోయినప్పుడు ఇంటివారు అతనికి ఈ రెండు మాటలూ తమిళంలో నేర్పి, ఒకసారి అప్పగించుకొని రావలెను.