తాతగారి దంతపుపిడి చాకు

మా తాతగారి జేబులో ఎప్పుడూ రెండు వస్తువులుండేవి. ఒకటి పొడుంకాయ, రెండోది మడతచాకు. పొడుంకాయ ఏమైందో ఎవరికీ తెలీదు గాని, చాకు మాత్రం నాకు దక్కింది. షెఫీల్డు సరుకు. అలుగు మొదట్లో నక్షత్రమూ, దాని పక్కన మాల్టా సిలువా రాడ్జర్సువారి ముద్ర. భూతద్దం పెడితే ఇప్పటికీ కనిపిస్తుంది. 1956లో చెన్నపట్నంలో కొన్నారట. పెన్సిళ్లు చెక్కడం, ఉత్తరాలు చింపడం, జామకాయ కోసి పిల్లలకు పంచడం, అన్నిటికీ అదే. సానపట్టగా పట్టగా అలుగు సగం అరిగిపోయింది. పిడి మాత్రం చెక్కుచెదరలేదు. వెన్నరంగు కాస్తా తేనెరంగుకు తిరిగింది, అంతే.

“దంతంరా అది, జాగ్రత్త!” అనేది మా మామ్మ. తాతగారు ఆవిడకు అలా చెప్పారు. అంచేతనే ఆ చాకుకు దేవుడిగదిలో కొబ్బరిముక్కలు కోసే యోగ్యత కూడా పట్టింది.

పోయిన వేసవిలో నేనొక ఘనకార్యం చేశాను. బంగినపల్లి రసం కారి చాకు జిగటగా ఉందని, సబ్బు కలిపిన వేడినీళ్లలో గంటసేపు నానేసి, పిట్టగోడమీద మే నెల ఎండలో ఆరబెట్టాను. సాయంత్రం చూద్దును గదా, చివరి శీల దగ్గర పుట్టి పిడి పొడుగునా వెంట్రుకవాసి పగులు! అన్నేళ్లు చేతుల్లో నలిగినా చెదరని వస్తువును ఒక్కపూటలో చెడగొట్టాను. మామ్మకు తొంభైరెండేళ్లు. కళ్లు మందగించాయి గాని, వేళ్లకు మాత్రం తెలియనిది లేదు.

మా కాలేజీ జంతుశాస్త్రం మాస్టారికి చూపించాను. ఆయన భూతద్దంలో చూసి నవ్వారు. “దంతమేమిటండీ, ఇది శుభ్రమైన ఎముక!”

దంతాన్ని అడ్డంగా కోసినచోట సన్నని వంపుగీతలు ఒకదానినొకటి దాటుకుంటూ వలలా కనిపిస్తాయట. ఎముకలోనైతే నల్లని నలుసులు, పొట్టిగీతలు ఉంటాయి. ఒకప్పుడు నెత్తురు పారిన నాళాలవి. మా పిడినిండా నలుసులే.

తాతగారు అబద్ధమాడారో, దుకాణంవాడు ఆయనతో ఆడాడో నేను తేల్చలేను. రాడ్జర్సువారు దంతానికీ పేరుపడ్డవారే. షెఫీల్డులోని వారి కర్మాగారంలో ఏనుగుదంతాలు గుట్టలుగా పేర్చిన గది ఉండేది. కాని మామూలు జేబుచాకులకు అక్కడా, అమెరికాలోనూ ఎముక బాగా వాడారు. పశువు మోకాటి కిందిఎముక తిన్నగా, దళసరిగా ఉంటుంది. దాన్ని ఉడికించి, కొవ్వు తీసి, బద్దలుగా కోసి, ఇత్తడిరేకులకు శీలలతో బిగిస్తారు. అమెరికావాళ్లు పైన గాట్లు పెట్టి, రంగు పట్టించి దుప్పికొమ్ములా కనిపించేట్టు చేస్తారు.

ఎముకలో సుమారు మూడింట రెండువంతులు ఖనిజం. మిగతాదానిలో ఎక్కువభాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తి. ఖనిజం గట్టిదనాన్నీ, మాంసకృత్తి దెబ్బకు ఓర్చుకునే గుణాన్నీ ఇస్తాయి. దుప్పికొమ్ములో ఖనిజం పాలు తక్కువ, అంచేత అది మరికాస్త ఓరుస్తుంది. చేతి రాపిడికి ఎముక నునుపు తేరుతుందే గాని చెడదు. దాని శత్రువు నీళ్లూ, వెంటనే ఎండా. ఎముక నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఇత్తడిరేకూ, శీలా అలా కదలవు. ముడుచుకోబోయే ఎముకను శీల పట్టి ఆపుతుంది. రంధ్రం అంచున చీలిక పుడుతుంది. ఎముక పీచు నిలువునా ఉంటుంది గనుక చీలికా నిలువునే పాకుతుంది. నా వేడినీళ్లూ, పిట్టగోడా కలిసి చేసిన పని అదీ!

దంతంలా మెరిసే సెల్యులాయిడు పిడులు కూడా వచ్చేవి. అవి ఏళ్లు గడిచాక తమంత తామే చివికి, వెలువడే ఆవిరితో పక్కనున్న ఉక్కును కూడా తుప్పు పట్టిస్తాయి. వాటితో పోలిస్తే ఎముక ఎంతో మర్యాద గలది. పొడిగుడ్డతో తుడవడం, తడిస్తే వెంటనే తుడిచి నీడన పెట్టడం, కీలులో చుక్క నూనె. అంతకుమించి ఏమీ అడగదు.

మాస్టారి సలహామీద సూదిమొనతో పల్చని జిగురు పగుల్లోకి దింపి, పైకి వచ్చింది తుడిచేశాను. కంటికి దాదాపు తెలియడం లేదు. ధైర్యం చేసి, జామకాయతో సహా మామ్మ చేతికిచ్చాను. ఆవిడ బొటనవేలు పిడిమీద ఒకసారి పోయి, తిన్నగా పగులు దగ్గర ఆగింది.

“నీళ్లలో వేశావూ?”

దాచలేకపోయాను. నానేసిన సంగతీ చెప్పాను, ఎముక సంగతీ చెప్పాను.

“ఎముకని నాకు తెలియదట్రా! మీ తాతగారి జీతానికి దంతం ఎక్కణ్ణించి వస్తుందీ?” అని మామ్మ జామకాయను నాలుగు చెక్కలు చేసి, ఒకటి నాకిచ్చింది.