మనోవ్యాధి – నేరబాధ్యత

దివిసీమలో మనోవ్యాధిగల ఒకడు గడ్డివామికి నిప్పంటించెననుకొందము. అది వామి అని తెలియక, తన మీదికి వచ్చు భూతమును తరుముచున్నానని నమ్మి చేసినచో వానికి శిక్ష ఉండకపోవచ్చును. అదే రోగి, పగవాని వామియేనని ఎరిగి, చీకటిపడువరకు పొంచియుండి, నిప్పుపెట్టి పారిపోయినచో తప్పించుకొనుట కష్టము. వ్యాధి ఒకటే, ఫలితము వేరు! వైద్యులకిది వింతగా తోచును. కాని చట్టము వ్యాధి పేరు అడుగదు. ఆ పని చేయుచున్న క్షణమున, తాను చేయునదేమో, అది తప్పో, చట్టవిరుద్ధమో మనోవైకల్యమువలన ఎరుగలేకుండెనా అని మాత్రమే అడుగును. 1860 నాటి భారత శిక్షాస్మృతి 84వ సెక్షనులోని ఈ సూత్రమే, 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షనుగా అమలులోనున్నది.

దీనిని రుజువు చేయవలసినవాడు ముద్దాయియే. ఎంతవరకు? 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు, 1964లో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా, గుజరాతునుండి వచ్చిన ఒక హత్యకేసులో దీనిని విప్పిచెప్పిరి. ముద్దాయి నిస్సందేహముగా నిరూపింపనక్కరలేదు. సంభావ్యత తనవైపు మొగ్గిన చాలును. అంతవరకు పోలేకున్నను, అతని సాక్ష్యము నేరోద్దేశమును గూర్చి సహేతుకమైన సందేహము కలిగించినచో విడుదల చేయవలసినదే. ఆ కేసులో మాత్రము అట్టి సందేహము కలుగలేదు, అప్పీలు కొట్టివేయబడినది.

విడుదల అనగా ఇంటికి పోవుట కాదు. సురక్షిత స్థలమున ఉంచుమనియో, పూచీపై బంధువులకు అప్పగింపుమనియో కోర్టు ఆజ్ఞాపించును. అది శిక్ష కాదు. కాని శిక్షకువలె దానికి గడువు ముందుగా వ్రాసియుండదు.