ఎక్స్‌రే మిషన్ ఎజెండాలో లేదు

ధూల్‌పేట్ అనగానే చాలామందికి వినాయక విగ్రహాలు, సంక్రాంతి పతంగులు గుర్తొస్తాయి. కాస్త పెద్దవాళ్లకైతే గుడుంబా కూడా. నాకు మాత్రం దగ్గు గుర్తొస్తుంది. మా నానమ్మ ఉండే గల్లీలో చవితికి నాలుగైదు నెలల ముందు నుంచే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి గాల్లో తేలుతుంటుంది. మంచం మీద, మంచినీళ్ల బిందె మీద, ఆరేసిన బట్టల మీద అంతా తెల్లగా ఒక పొర.

నిరుడు నానమ్మకు దగ్గు ఎంతకీ తగ్గలేదు. దగ్గర్లోని ఒక ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే రాశాడు. ‘‘మిషన్ ఖరాబైంది, వచ్చే వారం రండి’’ అన్నారు. వచ్చే వారం వెళ్లాం. అదే మాట. మూడోసారి నానమ్మకు కోపం వచ్చింది. ‘‘ఇది బాగు చేయించేటోడు ఎవడు బిడ్డా? వాణ్ని అడుగుదాం పా’’ అంది.

ఆ ప్రశ్నకు జవాబు గోడ మీదే ఉంది. సూపరింటెండెంట్ గది పక్కన, సగం రంగు ఊడిన ఒక బోర్డు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం అని పైన, కింద అధ్యక్షుడు, సభ్యుల పేర్లు. మీటింగ్ ఎప్పుడని అడిగితే గుమస్తా నవ్వాడు. ‘‘పెద్దోళ్లకు టైమ్ దొరికినప్పుడు సార్.’’

మన దగ్గర అభివృద్ధి సంఘం అంటారు గానీ, దేశంలో ఎక్కువ చోట్ల దీని పేరు రోగి కల్యాణ్ సమితి. దీని పుట్టుక భలే కథ. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు ఇందోర్‌లోని మహారాజా యశ్వంత్‌రావ్ ఆసుపత్రి నిండా ఎలుకలే. రోగుల్ని బయటికి పంపి, ఎలుకల్ని పట్టించి, భవనమంతా కడిగించారు. ఊరివాళ్లు డబ్బులిచ్చారు. మళ్లీ పాతకథ కాకుండా ఉండాలంటే ఆసుపత్రికి సొంతంగా ఓ కమిటీ, ఓ ఖాతా ఉండాలనే ఆలోచన అక్కడ పుట్టింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ దాన్ని దేశమంతటికీ తెచ్చింది. మొదట్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సంఘానికి ఏడాదికి లక్ష, జిల్లా ఆసుపత్రికి 5 లక్షలు ఇచ్చేవారు. పెద్ద మొత్తమేం కాదు. కానీ పగిలిన పైపుకో, ఆగిన మిషన్‌కో సచివాలయం దాకా ఫైలు నడవక్కర్లేదు. సంఘం కూర్చుని తీర్మానం చేస్తే చాలు.

కూర్చుంటేనే మరి!

ఇక్కడో తేడా చెప్పాలి. పాలకమండలి నిర్ణయం తీసుకుంటుంది, డబ్బు ఖర్చుకు లెక్క చెప్పాలి. సలహా కమిటీ చెబుతుంది, వినాలో లేదో అవతలివాళ్ల ఇష్టం. మన ఆసుపత్రుల్లో జరిగేదేంటంటే, పాలకమండలి అని రాసుకున్నది కూడా మెల్లగా సలహా కమిటీలా తయారవుతుంది, ఆ తర్వాత గోడ మీద బోర్డులా మిగిలిపోతుంది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. లాగ్ చూడకుండా బగ్ గురించి మాట్లాడను. అందుకే పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. నిజానికి పెట్టే అవసరమే ఉండకూడదు. 2005 నాటి ఆ చట్టంలో 4వ సెక్షన్ ఏమంటుందంటే, ప్రతి కార్యాలయం తన బోర్డులు, కమిటీలు ఏమేమిటో, వాటి సమావేశాలకు జనం రావచ్చో లేదో, మినిట్స్ జనానికి దొరుకుతాయో లేదో ఎవరూ అడక్కుండానే తనంతట తానే ప్రకటించాలి.

నెల దగ్గర పడుతుండగా జవాబు వచ్చింది. రెండు సమావేశాల మినిట్స్, మొత్తం నాలుగు పేజీలు. గేటుకు రంగు, ఫ్యాన్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతం. ఎక్స్‌రే మిషన్ మాట ఎక్కడా లేదు. దాచిపెట్టి కాదు, ఎవరూ ఎజెండాలో పెట్టలేదు, అంతే. టెక్నీషియన్ పై అధికారికి నోటితో చెప్పాడట. మా ఆఫీసులో అయితే టికెట్ లేని బగ్ లేనట్టే లెక్క. ఇక్కడా అదే రూలు నడుస్తోంది. సభ్యుల్లో ఒక్కరైనా ఆ ఆసుపత్రిలో చీటీ పట్టుకుని లైన్లో నిలబడి ఉంటే ఈ సంగతి తెలియకుండా ఉండేదా?

పేద దేశం కాబట్టి ఇలా అనుకోకండి. ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్ ఆసుపత్రి గొడవ మీద 2013లో రాబర్ట్ ఫ్రాన్సిస్ నివేదిక వచ్చింది. దాహమేస్తే నీళ్లిచ్చే దిక్కు లేక రోగులు అల్లాడుతుంటే, అక్కడి బోర్డు లక్ష్యాలు, ఖర్చుల లెక్కలు చూసుకుంటూ కూర్చుంది. బంధువుల ఫిర్యాదులు చెవికెక్కలేదు. ఫ్రాన్సిస్ 290 సిఫార్సులు చేశాడు.

మనకు దగ్గర్లోని ఉస్మానియానే తీసుకోండి. 1908 మూసీ వరద తర్వాత విన్సెంట్ ఎష్ గీసిన ప్లానుతో కట్టిన ఆ భవనం కోసం 2015 నుంచి కూల్చాలా, ఉంచాలా అని కొట్లాట. నిపుణుల కమిటీలు, కోర్టు కేసులు. 2020 జూలైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చాయి, పాత భవనాన్ని మూసేశారు. చివరికి 2025 జనవరి 31న మా పక్కనే గోషామహల్‌లో 2,000 పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మైదానం పోతుందని స్థానికులు అభ్యంతరం చెప్పారు. నా మటుకు నాకు ఆసుపత్రే కావాలి. కానీ పక్కింటివాళ్లను ముందే కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే ఆ గొడవ సగం తగ్గేదనిపిస్తుంది. కొత్త భవనం వచ్చేలోపు దాని అభివృద్ధి సంఘంలో ఎవరుంటారో కూడా ఇప్పుడే అడగాలి. మంగళ్‌హాట్ నుంచో, ధూల్‌పేట్ నుంచో విగ్రహాలు చేసే మనిషి ఒకరు ఉంటే ఆ పొడి, ఆ దగ్గు సంగతి ప్రొజెక్టర్ పెట్టి చెప్పక్కర్లేదు.

నానమ్మకు ఎక్స్‌రే ఉస్మానియాలో తీయించాం. టీబీ కాదన్నారు. ఇన్హేలర్ వాడుతోంది.

మా దగ్గరి ఆసుపత్రి సంఘానికి మాత్రం నేనొక అర్జీ రాశాను. వచ్చే సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా ఎక్స్‌రే మిషన్ మరమ్మతు పెట్టమని, తేదీ నోటీసు బోర్డులో అంటించమని. గుమస్తా ఈసారి నవ్వలేదు, ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. దాన్ని నానమ్మ దేవుడి పటం వెనక దోపింది. వారానికోసారి ఫోన్ చేసి, దగ్గుతూనే అడుగుతోంది: ‘‘మీటింగ్ ఎప్పుడంట?’’