పది రూపాయలతో లెక్క అడగండి

మీ ఊళ్లో సగంలో ఆగిన కమ్యూనిటీ హాల్ ఫొటో తీసి, ఎంపీని ట్యాగ్ చేసి పోస్టు పెడతారు. లైకులు వస్తాయి, జవాబు రాదు. అదే సంగతి తెల్లకాగితం మీద అడిగి చూడండి. 'ఉద్యోగం వెతుక్కోకుండా ఇదేంట్రా' అంటారు ఇంట్లో. ఒక పూట పని, అంతే!

ఎంపీ ల్యాడ్స్ కింద ఒక్కో ఎంపీ ఏటా రూ.5 కోట్ల పనులు సిఫార్సు చేయొచ్చు. డబ్బు ఆయన చేతికి రాదు, పనులు చేయించేది జిల్లా యంత్రాంగం. కాబట్టి సమాచార హక్కు చట్టం-2005 కింద కలెక్టరేట్‌లోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టాలి. ఫీజు రూ.10. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు.

కిటుకంతా ప్రశ్నలోనే ఉంది. 'పని ఎందుకు ఆగింది?' అంటే తప్పించుకోవడం తేలిక. ఈ చట్టం ఇప్పించేది రికార్డు, సంజాయిషీ కాదు. 'ఫలానా పనికి సిఫార్సు లేఖ, మంజూరు ఉత్తర్వు, చెల్లింపుల బిల్లుల నకళ్లు ఇవ్వండి' అని రాయండి. నా మొదటి దరఖాస్తు రెండు పేజీల ఆవేశం. ఒక్క లైన్ జవాబుతో సరిపెట్టేశారు.

1999లో ఐఐఎం అహ్మదాబాద్ ప్రొఫెసర్లు కొందరు కోర్టుకెళ్లి అడిగిందీ కాగితమే: అభ్యర్థుల కేసులు, ఆస్తులు, చదువు వివరాలు. 2002లో సుప్రీంకోర్టు ఇవ్వాల్సిందేనంది. ఆ అఫిడవిట్లు ఇవాళ ఎన్నికల సంఘం యాప్‌లో మీ ఫోన్లోనే చూడొచ్చు.

30 రోజుల్లో జవాబు రాలేదా? మరో 30 రోజుల్లోగా అక్కడే పై అధికారికి మొదటి అప్పీలు చేయండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. ఈ గడువులన్నీ తేదీలతోనే నడుస్తాయి. స్పీడ్ పోస్టు రసీదు పారేయకండి.