'నా చేతిల లేదు' అంటే నాటకమా?

తాండూరు మండలం కరణ్‌కోట అనగానే బయటివాళ్లకు సిమెంటు ఫ్యాక్టరీ, నాపరాళ్ల గనులు గుర్తొస్తాయి. కర్ణాటక సరిహద్దు అక్కడికి దూరమేమీ కాదు. అవతల కలబురగి, బీదర్. ఇవతల వికారాబాద్, మెదక్. నిజాం కాలంలో అంతా ఒకటే రాజ్యం. భాషలు వేరైనా ఈ నేలంతటికీ ఉమ్మడిగా మిగిలిన భయం ఒకటుంది: బాణామతి అనే చేతబడి.

అది పట్టిందనే మనిషి లక్షణాలు పెద్దవాళ్లకు తెలిసినవే. ఇంటి కోడలో, పెళ్లీడు పిల్లో ఉన్నట్టుండి కుక్కలా అరుస్తుంది. ఒళ్లు మెలితిరిగిపోతుంది. తేరుకున్నాక అడిగితే "నా చేతిల లేదు" అంటుంది. దీనికి ఊరి దగ్గర రెండే జవాబులుంటాయి: ఎవరో చేసిండ్రు, లేదా నాటకాలాడుతోంది. మొదటి జవాబును నమ్మి తెలంగాణ పల్లెల్లో మంత్రగాళ్లని అనుమానించినవాళ్ల పళ్లు రాలగొట్టారు, కొందరిని చంపేశారు కూడా. రెండోది నమ్మిన ఇంట్లో దెబ్బలు ఆ పిల్లకే.

మూడో జవాబు మెదడు చెబుతుంది. మనకు మనం కితకితలు పెట్టుకుంటే నవ్వు రాదు, ఎందుకు? చేతికి కదలమని ఆజ్ఞ పంపేటప్పుడు మెదడు దాని నకలు ఒకటి తన దగ్గర ఉంచుకుంటుంది. ఏ స్పర్శ తగలబోతోందో ముందే అంచనా కడుతుంది. తగిలింది అంచనాతో సరిపోతే "ఇది నా పనే" అని తేల్చి, ఆ స్పర్శను తగ్గించేస్తుంది. లండన్‌లో పరిశోధకులు సారా జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్‌పర్ట్, క్రిస్ ఫ్రిత్ 1998లో మెదడు స్కాన్లతో దీన్ని చూపించారు. 2000లో ఇలాంటి స్పర్శ పరీక్షే మానసిక రోగులకు పెట్టారు. చెవిలో గొంతులు వినిపించేవాళ్లకు, తమను ఎవరో ఆడిస్తున్నారనుకునేవాళ్లకు సొంత చేతి స్పర్శ కూడా పరాయి చేతి స్పర్శంత గట్టిగానే తెలిసింది.

అంటే "నేనే చేస్తున్నాను" అనే భావన కూడా మెదడు తయారుచేసేదే. చూపు, వినికిడి దెబ్బతిన్నట్టే అదీ దెబ్బతినవచ్చు. స్కిజోఫ్రీనియా అనే మానసిక రోగంలో కొందరికి ఇలాగే అవుతుంది: చెయ్యి తనదే, కదిలించింది తానే, అయినా ఎవరో కదిలించినట్టు అనిపిస్తుంది. ఆ 'ఎవరో' ఒకచోట దయ్యం, ఇంకోచోట ఫోను టవరు.

బాణామతి పట్టిందనుకునేవాళ్లందరిదీ స్కిజోఫ్రీనియా కాదు. చాలాసార్లు అది బయటికి చెప్పుకోలేని బాధ ఒంటి మీదికి రావడం. అది నటనేనా అన్న అనుమానానికి వాలెరీ వూన్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన కొంత జవాబిచ్చింది. ఇలా తమ చేతిలో లేని వణుకు ఉన్న ఎనిమిది మందిని, అదే వణుకును కావాలని నటించమని కూడా అడిగారు. అసలు వణుకు వచ్చినప్పుడు, చేసింది తానేనని పోల్చుకోవడంలో పాలుపంచుకునే మెదడు భాగం నటించినప్పటికంటే తక్కువగా పనిచేసింది. చిన్న పరిశోధనే. కానీ "వేషాలు" అని చెంప పగలగొట్టే ముందు ఆలోచించడానికి అది చాలు.

మరి బోనాల పండుగలో అమ్మవారు పూని శివసత్తులు శిగమూగడం? అది వేరు. దానికి వేళుంది, చోటుంది, చుట్టూ ఊరుంది. అయిపోయాక మనిషి తన పనిలో పడుతుంది. దాన్ని రోగమనడం తొందరపాటే.

చేతిలో లేదనిపించడం వేరే జబ్బుల్లోనూ ఉంది, తీరే వేరు. పదేపదే చేతులు కడిగే ఓసీడీ మనిషికి కడిగేది తానేనని బాగా తెలుసు, ఆపుకోవడమే రాదు. డిప్రెషన్‌లో ఏం చేసినా ఫలితం తన చేతిలో లేదనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు దానికి బద్ధకమని పేరు పెడతారు.

చేతిలో లేదంటే నేరం చేసినా చెల్లుతుందా? చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ (ఇదివరకటి శిక్షాస్మృతిలో 84) చూసేది ఒక్కటే: మతి చెడినందువల్ల, తాను చేస్తున్నదేమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో ఆ క్షణాన తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అని. తెలిసీ ఆపుకోలేకపోయానన్న మాట ఒక్కటే ఆ సెక్షన్ కింద నిలవదు. రోగుల అనుభవం తెలిసినవాళ్లకు ఈ గీత మరీ ఇరుకుగానే కనిపిస్తుంది.

కాబట్టి ఇంట్లో ఎవరైనా "నా చేతిల లేదు" అంటే, చేసిందెవరని ఊళ్లో వెతకకండి, నిజం చెప్పమని కొట్టకండి. ఎప్పటి నుంచి, ఏ వేళలో, ఏం జరిగాక అని అడిగి డాక్టరుకు చెప్పండి. మూర్ఛ కూడా ఇలాగే కనిపించవచ్చు, అది కాదని ముందు తేల్చుకోవాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంత దూరం వెంటనే పోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ సేవ అది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.