కిశోర నవలలలో వ్యసనము, విముక్తి

పిల్లల కథలు చదువు ప్రాయము దాటి, పెద్దల నవలలు ఇంకను అందని వయస్సొకటి గలదు. ఆ వయస్సు వారికై వ్రాయబడు నవలలను మనము కిశోర నవలలు అనవచ్చును. మత్తుమందుల వ్యసనము, మనస్సునకు తగిలిన గాయము, వాని నుండి కోలుకొనుట అనునవి గత యేబదియేండ్లకు పైగా అమెరికా, ఇంగ్లండు దేశములలోని యీ నవలలకు ముఖ్య విషయములైనవి. చిన్నవారికి ఇట్టి కథలు చెప్పదగునా యను సందేహము సహజమే. దానిని తీర్చుకొనుటకు కొన్ని గ్రంథములను పరిశీలింతము.

1971లో 'గో ఆస్క్ ఆలిస్' వెలువడినది. అది మత్తుమందుల పాలైన ఒక బాలిక దినచర్య యనియు, ఆమె పేరు చెప్పరాదనియు ప్రకటించిరి. తరువాత అది బియాట్రిస్ స్పార్క్స్ అను రచయిత్రి చేతిపని యని తేలినది. కథాంతమున బాలిక మరణించును. ఇట్టి భయము కొందరిని గడప దాటకుండ ఆపవచ్చును. కాని యిదివరకే దాటినవారికి తిరిగివచ్చు దారి చూపజాలదు.

రెండేండ్ల పిమ్మట, 1973లో, నాటకకర్త్రి ఆలిస్ చిల్డ్రెస్ 'ఎ హీరో ఎయింట్ నథింగ్ బట్ ఎ శాండ్‌విచ్' అను నవల ప్రకటించెను. న్యూయార్కు నగరమున నల్లజాతివారు నివసించు హార్లెం పేటలో పదమూడేండ్ల బెంజీ హెరాయిన్‌కు అలవాటు పడినాడు. ఈ కథను ఒక్కరు చెప్పరు. బెంజీ, అతని తల్లి, అమ్మమ్మ, ఉపాధ్యాయులు, తుదకు మందు అమ్మువాడు సైతము తమ తమ మాటలలో చెప్పుదురు. తలచినప్పుడు మానగలనని బెంజీ నమ్మకము. వ్యసనము మనిషిని పట్టుకొనునది ఈ నమ్మకముతోనే. తల్లితో కలిసి జీవించు బట్లర్ క్రెయిగ్ దుస్తులను బాలుడు దొంగిలించి అమ్మివేయును. అయినను మేడమీదినుండి పడబోవు బాలుని చేయి పట్టి విడువనివాడు ఆ బట్లరే. చివర అతడు చికిత్సాలయము వెలుపల బెంజీ కొరకు ఎదురుచూచుచుండును. బాలుడు వచ్చెనో లేదో రచయిత్రి చెప్పదు.

ఈ మౌనము లోపము కాదు. వ్యసనము మానుట ఒకనాటి ప్రతిజ్ఞతో ముగియునది కాదు; మానినవారు మరల జారుటయు సామాన్యమే. కోరికను అదుపులో నుంచు మెదడు భాగములు ఇరువదియేండ్లు దాటిన పిమ్మటగాని పూర్తిగా పరిణతి చెందవని శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. కనుక జారిపడుట దుర్మార్గమునకు గుర్తు కాదు. లేచుటకు చేయూత కావలెను.

1996లో ఇంగ్లండు రచయిత మెల్విన్ బర్జెస్ వ్రాసిన 'జంక్' నవలకు కార్నెగీ పతకము లభించినది. ఇందలి టార్ తండ్రి దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచి, బ్రిస్టల్ చేరి, అచ్చట హెరాయిన్‌కు లోబడును. మందుకు వెనుక గాయ మున్నదని ఈ కథ తెలుపును. 1999లో లారీ హాల్స్ ఆండర్సన్ వ్రాసిన 'స్పీక్'లో మత్తుమందు ప్రధానము కాదు. బలాత్కారమునకు గురియైన బాలిక మెలిండా నోరు విప్పలేకపోవుటయే కథ. చిత్రకళా తరగతిలో చెట్టు బొమ్మ వేయుచు వేయుచు, క్రమముగా ఆమె తన మాటను తిరిగి పొందును.

ఇట్టి పుస్తకములను పిల్లలకు దూరము చేయ యత్నించినవారును గలరు. న్యూయార్కు రాష్ట్రమున ఒక పాఠశాలా మండలి 1976లో తన గ్రంథాలయములనుండి తొలగించిన పుస్తకములలో పైన చెప్పిన మొదటి రెండును ఉన్నవి. విద్యార్థులు వ్యాజ్యెము వేసిరి. 1982లో అమెరికా సుప్రీం కోర్టు, భావములు నచ్చలేదను కారణముచేతనే గ్రంథాలయమునుండి పుస్తకములు తీసివేయరాదను అభిప్రాయము వైపు మొగ్గినది. అయితే న్యాయమూర్తులు ఏకగ్రీవముగా లేరు.

పెద్దల భయము నిరాధారమని మనము అనజాలము. మందును వేడుకగా చూపు కథయు, శిక్షగా చావును మాత్రమే చూపు కథయు మేలు చేయవు. బాధను దాచక చెప్పి, చేయిపట్టు మనుష్యుని కూడ చూపునదియే మంచి కథ. పరువు పోవునని ఇంటిగుట్టుగా దాచిన వ్యసనము మందుకంటె వేగముగా పెరుగును. కాబట్టి తల్లిదండ్రులు ఇట్టి నవలను తాము ముందు చదివి, పిమ్మట బిడ్డలతో ముచ్చటింప వలెను. తమ బిడ్డను గూర్చి అడుగ జంకు ప్రశ్నను బెంజీని గూర్చి అడుగవచ్చును. సమాధానము వెంటనే రాకున్నను, బట్లర్ వలె వేచియుండుట మన వంతు.